డ్యాష్‌బోర్డు పాడవకుండా కారులో ఫోన్ హోల్డర్: భోపాల్‌పట్నం మార్గంలో వాహనదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

భోపాల్‌పట్నం (ఛత్తీస్‌గఢ్): తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు కలిసే చోట, ఇంద్రావతి నది గోదావరిలో సంగమించే భద్రకాళి గ్రామానికి చేరువలో ఉన్న పట్టణం భోపాల్‌పట్నం. ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో జమీందారీగా ఉన్న ఈ ప్రాంతం 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో భాగమైంది. ఇక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే 63వ నంబరు జాతీయ రహదారితో కలుస్తుంది. అక్కడి నుంచి ఒకవైపు సిరోంచకు, మరోవైపు బీజాపూర్, జగదల్‌పూర్‌లకు దారులు చీలుతాయి.

అడవి గుండా సాగే ఈ ప్రయాణంలో దారి చూపే సాధనంగా సెల్‌ఫోన్ స్థిరపడింది. దానితోపాటే కార్లలో ఫోన్ హోల్డర్ల వాడకమూ పెరిగింది. అయితే తొందరపాటుతో బిగించిన హోల్డర్ కొన్ని నెలలకే డ్యాష్‌బోర్డుపై గుండ్రని మచ్చను, ఊడిన పొరను, విరిగిన ఏసీ రెక్కను మిగల్చవచ్చు. భోపాల్‌పట్నం నుంచి జిల్లా కేంద్రమైన బీజాపూర్ సుమారు 50 కిలోమీటర్లు, జగదల్‌పూర్ 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. డ్యాష్‌బోర్డు భాగాన్ని మార్పించాలంటే వాహనాన్ని పెద్ద పట్టణానికి తీసుకెళ్లి, పనిదినాలు వదులుకోవాల్సి వస్తుంది. కిరాయి కారుపై ఆధారపడిన కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు. హోల్డర్‌ను కొనే ముందు డ్యాష్‌బోర్డు ఏ పదార్థంతో తయారైంది, ఎండ ఎంత పడుతుంది, ఎయిర్‌బ్యాగ్ ఎక్కడ ఉంది అనే మూడు అంశాలను పరిశీలిస్తే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు.

చట్టం ఏమి చెబుతోంది?

వాహనం నడుపుతూ ఫోన్‌ను చేతితో పట్టుకుని వాడటాన్ని మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా పరిగణిస్తుంది. 2019 సవరణ తరువాత తొలి నేరానికి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలుంది. మూడేళ్లలోపు మళ్లీ పట్టుబడితే శిక్ష రెండేళ్ల వరకు, జరిమానా రూ.10,000 వరకు పెరగవచ్చు.

2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమాల సవరణ, దారి తెలుసుకునే అవసరానికి మాత్రం ఇటువంటి పరికరాల వాడకాన్ని అనుమతించింది. డ్రైవర్ ఏకాగ్రతకు భంగం కలగకూడదన్నది అందులోని షరతు. హోల్డర్ అవసరం ఇక్కడే కలుగుతుంది. అది చూపును అడ్డుకున్నా, ఊగుతూ దృష్టిని లాగినా ఆ షరతు నెరవేరినట్లు కాదు. గమ్యాన్ని బండి కదలకముందే నమోదు చేయాలి. మార్చాల్సి వస్తే పక్కన ఆపి మార్చాలి.

డ్యాష్‌బోర్డులన్నీ ఒకటి కావు

చూపుకు ఒకేలా కనిపించినా డ్యాష్‌బోర్డులను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటిది గట్టి ప్లాస్టిక్. తక్కువ, మధ్యస్థ ధరల కార్లలో ఇదే ఎక్కువ. దీనికి ప్రధానంగా పాలీప్రొపిలీన్‌ను వాడతారు. ఈ పదార్థానికి దేనినీ సులభంగా అంటనివ్వని గుణం ఉంది. నూనె రాసిన పెనం మీద నీరు నిలవనట్లే జిగురు కూడా దానిపై పూర్తిగా పరుచుకోదు. పైగా తోలును పోలిన గరుకు అచ్చు ఉండటంతో టేపు ఎత్తుపల్లాలలో ఎత్తులను మాత్రమే పట్టుకుంటుంది. వేసిన టేపు వారానికే ఊడిపోవడానికి ఇవే ప్రధాన కారణాలు.

రెండవది వేలితో నొక్కితే కొంచెం లోనికి వెళ్లే మెత్తని రకం. లోపల నురుగు, పైన పీవీసీ వంటి పలుచని పొర ఉంటాయి. పీవీసీని మెత్తగా ఉంచేందుకు కలిపే ద్రవ్యం కాలక్రమంలో పైకి ఊరి, జిగురును పులుసులా మారుస్తుంది. మరోవైపు బలమైన టేపును లాగితే పై పొర నురుగు నుంచి విడిపోయి బుడగలా లేస్తుంది. ఆ బుడగను మళ్లీ అతికించడం దాదాపు అసాధ్యం.

మూడవది నిగనిగలాడే నల్లని పలకలు, రంగు పూసిన అలంకరణ పట్టీలు. ఇవి చదునుగా ఉండటంతో టేపు బాగా పట్టుకుంటుంది. కానీ తీసేటప్పుడు గీతలు పడటం, రంగు లేచిపోవడం ఇక్కడే ఎక్కువ.

తన కారులో ఉన్నది ఏ రకమో గుర్తించేందుకు యజమాని వేలితో నొక్కి, గోటితో మెల్లగా తట్టి చూస్తే చాలు. గట్టిగా టకటకమంటే మొదటి రకం, మెత్తగా మూగగా వినిపిస్తే రెండవది.

అసలు శత్రువు ఎండ

అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజుల్లో ఎండలో గంటసేపు నిలిపిన కార్లను పరిశీలించారు. కారు లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు చేరగా, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీల వరకు వేడెక్కింది. నీడలో నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు 48 డిగ్రీల వద్దే ఆగింది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే గోదావరి లోయకు ఈ లెక్క కొత్తది కాదు.

ఈ వేడికి జిగురు మెత్తబడి పక్కలకు కారుతుంది. సక్షన్ కప్పు రబ్బరు వంపు తిరుగుతుంది. కప్పు కింద ఉన్న భాగం నొక్కుకుపోయి, చుట్టూ ఎండ తగిలిన భాగం రంగు మారి, గుండ్రని ముద్ర శాశ్వతంగా నిలిచిపోతుంది. బండిని నీడలో నిలపడం, ముందు అద్దానికి లోపలి వైపు ఎండతెర వేయడం, పని ముగిశాక సక్షన్ కప్పును విప్పి పెట్టడం అనే మూడు అలవాట్లు ఖరీదైన హోల్డర్ కంటే ఎక్కువ రక్షణనిస్తాయి.

ఎక్కడ బిగించకూడదు?

డ్యాష్‌బోర్డు అందం కంటే ముందు ఆలోచించాల్సింది ప్రాణం గురించి. దేశంలో 2019 జూలై 1 నుంచి కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. ముందు సీటులో డ్రైవర్ పక్కన కూర్చునే ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకు తప్పనిసరి కాగా, అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకు ఆ ఏడాది డిసెంబరు 31 వరకు గడువు ఇచ్చారు. ఆ ఎయిర్‌బ్యాగ్ సాధారణంగా డ్యాష్‌బోర్డు ఎడమ వైపు పై భాగంలో దాగి ఉంటుంది. చాలా కార్లలో దాని మూత అంచులు పైకి కనిపించవు. ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్లు తెలిపే ఆంగ్ల అక్షరాలు లేదా వాహనంతో వచ్చిన పుస్తకంలోని బొమ్మ ఆధారంగా ఆ స్థలాన్ని గుర్తించాలి.

ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ వ్యవధిలో తెరుచుకుంటుంది. దాని మూతపై లేదా అది విచ్చుకునే దారిలో హోల్డర్ ఉంటే, రక్షించాల్సిన సంచి ఆ వస్తువును ప్రయాణికుడి ముఖం మీదకు విసురుతుంది. కొన్ని కార్లలో అద్దం పక్కనున్న స్తంభాలలోనూ పక్క ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. ఆ స్తంభాలకు హోల్డర్‌ను గానీ, ఛార్జింగ్ తీగను గానీ అతికించరాదు.

చూపు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. హోల్డర్ డ్రైవర్ కంటికి, రోడ్డుకు మధ్య రాకూడదు. ముందు అద్దం నడుమ వేలాడే ఫోన్, అడవి దారిలో హఠాత్తుగా అడ్డొచ్చే పశువును లేదా సైకిల్‌ను మరుగుపరచవచ్చు. ఫోన్ పై అంచు బానెట్ గీతకు దిగువన ఉండేలా, తల తిప్పకుండా కంటిచూపు మాత్రమే మళ్లిస్తే తెర కనిపించేలా, స్టీరింగ్ తిప్పే చేతికి తగలకుండా ఉన్న స్థలమే సరైనది. చాలా కార్లలో అది స్టీరింగ్‌కు ఎడమ పక్కన, డ్యాష్‌బోర్డు మధ్యభాగంలో దొరుకుతుంది.

ఏ రకం హోల్డర్ దేనికి తగినది?

సక్షన్ కప్పు: అద్దం కోసం పుట్టిన సాధనం ఇది. కప్పు కింద గాలిని తొలగిస్తే బయటి గాలి ఒత్తిడే దానిని అద్దానికి అదిమి ఉంచుతుంది. 6 సెంటీమీటర్ల వ్యాసమున్న కప్పుపై ఆ ఒత్తిడి సిద్ధాంతరీత్యా సుమారు 28 కిలోల బరువుకు సమానం. గరుకైన డ్యాష్‌బోర్డుపై మాత్రం సందుల గుండా గాలి లోనికి చొరబడి పట్టు సడలుతుంది. ముందు అద్దం దిగువ మూలలో, చూపుకు అడ్డురాని చోట కప్పును అమర్చి, చేయిని డ్యాష్‌బోర్డుకు దగ్గరగా వంచడం డ్యాష్‌బోర్డుకు ఏ హానీ లేని పద్ధతి. అద్దంపై మరక పడినా తుడిస్తే పోతుంది.

జిగురు కప్పు: గరుకు ఉపరితలాలకూ అంటుకునేలా అడుగున మెత్తని జిగురు పొర ఉండే కప్పులు ఇవి. గట్టి ప్లాస్టిక్‌పై కొంతకాలం బాగానే పనిచేస్తాయి. మెత్తని పీవీసీ పొరపై వీటిని నెలల తరబడి వదిలేస్తే ముద్ర పడటం ఖాయం.

రెండు వైపులా అంటే టేపు: ఒకసారి వేస్తే స్థిరంగా ఉంటుంది. చదునైన, గట్టి ఉపరితలానికే తగినది. మెత్తని డ్యాష్‌బోర్డుకు వాడకపోవడమే శ్రేయస్కరం.

ఏసీ గ్రిల్ క్లిప్: డ్యాష్‌బోర్డుపై జిగురు మరక పడదు. వేసవిలో చల్లగాలి ఫోన్‌ను కాపాడుతుంది. అయితే గ్రిల్ రెక్కలు గాలిని మళ్లించేందుకు చేసినవే తప్ప బరువు మోసేందుకు కావు. 200 గ్రాముల ఫోన్ గతుకుల్లో ఎగిరెగిరి పడితే రెక్క కుదురు విరుగుతుంది. అప్పుడు చాలా కార్లలో మొత్తం గ్రిల్‌నే మార్చాల్సి వస్తుంది. తప్పనిసరైతే ఒకే రెక్కను చిటికెలా పట్టే క్లిప్ బదులు, వెనుక కొక్కెంతో పట్టుకుని, కింద కాలు ఆనించి బరువును పంచే రకం ఎంచుకోవాలి. గుండ్రని గ్రిల్‌లకు ఈ పద్ధతి పనికిరాదు.

కప్ హోల్డర్, సీడీ సందు హోల్డర్లు: జిగురు, స్క్రూ అవసరం లేనివి. సీడీ ప్లేయర్ ఉన్న పాత కార్లకు సందులో బిగించే రకం అనుకూలం. కప్ హోల్డర్‌లో కూర్చునే రకం తెరను బాగా దిగువన ఉంచుతుంది కనుక కళ్లు రోడ్డును వదిలే సమయం పెరుగుతుంది. దారి మాటను వినిపించే సౌకర్యంతో కలిపి వాడినప్పుడే ఇది మేలు.

స్క్రూలతో బిగింపు: డ్యాష్‌బోర్డుకు రంధ్రం చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ మంచిది కాదు. వెనుక తీగలు, గాలి గొట్టాలు, ఎయిర్‌బ్యాగ్ భాగాలు ఉంటాయి. రంధ్రం చుట్టూ మొదలైన పగులు వేడికి, అదురుకు పెరుగుతూ పోతుంది. ఫెవిక్విక్ తరహా జిగురుదీ ఇదే కథ. దాని ఆవిరి చుట్టూ తెల్లని పొగమచ్చ వేస్తుంది. ఎండిన జిగురు పెళుసై అదురుకు చిట్లుతుంది.

టేపుతో బిగించే సరైన పద్ధతి

తొలుత చేయాల్సిన పని శుభ్రత. దుమ్ముతోపాటు డ్యాష్‌బోర్డుకు మెరుపు కోసం పూసే పాలిష్‌ను పూర్తిగా తొలగించాలి. ఆ పాలిష్‌లలోని సిలికాన్ నూనె ఏ జిగురునూ అంటనివ్వదు. కొద్దిగా గిన్నెల సబ్బు కలిపిన నీటిలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో రెండుసార్లు తుడిచి, మంచినీటి గుడ్డతో మరోసారి తుడిచి ఆరనివ్వాలి. అనంతరం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమాన పరిమాణంలో నీటితో కలిపి తుడవడం జిగురు టేపుల విషయంలో ప్రామాణిక పద్ధతి. ముందుగా కంటికి కనబడని మూలలో కొద్దిగా రాసి, రంగు వదలడం లేదని నిర్ధారించుకోవాలి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్, గోళ్ల రంగు తొలగించే ద్రవం వాడరాదు. అవి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి, మరికొన్నింటిలో కంటికి కనబడని పగుళ్లు పుట్టిస్తాయి.

అడవి ప్రాంతాల్లో మరో జాగ్రత్త అవసరం. దోమల నివారణకు వాడే కొన్ని క్రీములలో ఉండే డీట్ అనే రసాయనం పలు ప్లాస్టిక్‌లను, పీవీసీ పొరలను దెబ్బతీస్తుంది. ఆ చేతులతో డ్యాష్‌బోర్డును, హోల్డర్‌ను తాకకముందు కడుక్కోవాలి.

టేపు అతికించేటప్పుడు ఉపరితలం మండుటెండలో కాలినట్లు గానీ, శీతకాలపు తెల్లవారుజామున చల్లబడినట్లు గానీ ఉండకూడదు. 20 నుంచి 38 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత అనువైనది. స్థానాన్ని ముందే గుర్తు పెట్టుకుని, ఒకే ప్రయత్నంలో అతికించి, అర నిమిషం పాటు గట్టిగా అదమాలి. ఇటువంటి నురుగు టేపులు సాధారణ ఉష్ణోగ్రత వద్ద 20 నిమిషాల్లో సగం బలాన్ని, 24 గంటల్లో సుమారు 90 శాతం బలాన్ని, 72 గంటల్లో పూర్తి బలాన్ని పొందుతాయి. అతికించిన వెంటనే ఫోన్ తగిలించి బయలుదేరడమే చాలా హోల్డర్లు ఊడిపోవడానికి కారణం. రాత్రి అతికించి, కనీసం మరుసటి రాత్రి వరకు బరువు పెట్టకుండా ఉంచాలి.

గతుకుల దారికి పొట్టి చేయి

టేపు పక్కకు లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది. అంచు నుంచి ఒలిచినట్లు లాగే బలానికి మాత్రం లొంగిపోతుంది. హోల్డర్ చేయి పొడవయ్యే కొద్దీ ఈ ఒలిచే బలం పెరుగుతుంది. ఒకే ఫోన్‌ను 5 సెంటీమీటర్ల చేయిపై కాక 15 సెంటీమీటర్ల చేయిపై ఉంచితే అడుగు భాగంపై పడే తిప్పుడు బలం మూడు రెట్లవుతుంది. గుంతలో చక్రం పడినప్పుడు అది ఇంకా ఎక్కువ. అందువల్ల వాజేడు, పేరూరు, తార్లాగూడ మీదుగా భోపాల్‌పట్నం చేరే వాహనాలకు పొట్టి చేయి, వెడల్పాటి అడుగు, కింద ఫోన్‌ను మోసే పీట ఉన్న హోల్డర్ అనుకూలం. పొడవాటి చేయి తప్పనిసరైతే దాని మధ్యభాగం డ్యాష్‌బోర్డుపై ఆనేచోట మెత్తని గుడ్డ ముక్క ఉంచితే ఊగడం తగ్గుతుంది, గీతలూ పడవు.

అయస్కాంత హోల్డర్లు వాడేవారు మరో రెండు విషయాలు గమనించాలి. బలమైన అయస్కాంతం ఫోన్‌లోని దిక్సూచిని తప్పుదారి పట్టించవచ్చు. నిలిచి ఉన్న బండి ఏ దిక్కుకు చూస్తోందో మ్యాప్ తప్పుగా చూపడానికి ఇదొక కారణం. ఫోన్ వెనుక అతికించే ఇనుప బిళ్ల తీగ లేని ఛార్జింగ్‌కు అడ్డుపడి వేడి పుట్టిస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అటువంటి అయస్కాంతాలను ఛాతీకి దూరంగా ఉంచాలి.

తీయడంలోనే నేర్పు

డ్యాష్‌బోర్డులు ఎక్కువగా పాడయ్యేది హోల్డర్‌ను బిగించినప్పుడు కాదు, పెరికినప్పుడు. సక్షన్ కప్పు అయితే ముందు మీటను వదులు చేసి, అంచున ఉన్న నాలుకను లేపి గాలి లోనికి పోనివ్వాలి. టేపు అయితే తొలుత దానిని వెచ్చబరచాలి. జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొంత దూరం నుంచి ఒకటి రెండు నిమిషాలు వేడి గాలి తగిలిస్తే చాలు. అది లేకపోతే బండిని కాసేపు ఎండలో నిలిపినా జిగురు మెత్తబడుతుంది. ఆపై చేపల గాలానికి వాడే సన్నని నైలాన్ దారాన్ని హోల్డర్ అడుగుకు, టేపు నురుగుకు మధ్య దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ కోయాలి. స్క్రూడ్రైవర్, చాకు, బ్లేడు వాడరాదు.

మిగిలిన నురుగును బొటనవేలితో దొర్లిస్తే ఉండలుగా చుట్టుకుని లేస్తుంది. అప్పటికీ జిడ్డు మిగిలితే గట్టి ప్లాస్టిక్‌పై రెండు చుక్కల కొబ్బరి నూనె రాసి, కొద్ది నిమిషాల తరువాత తుడిచి, సబ్బు నీటితో శుభ్రం చేయాలి. ఓపికగా చేస్తే పావుగంట పని. తొందరపడి లాగితే లేచిన పొర మళ్లీ కూర్చోదు.

ఇప్పటికే గుండ్రని ముద్ర పడి ఉంటే దానిని గీకడం, రంగు పూయడం వల్ల మరింత ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. మెత్తని పొరపై పడిన నొక్కు, కప్పును తీసేశాక కొన్ని వారాల్లో కొంతమేర సర్దుకోవచ్చు. రంగు మారిన చోటు మాత్రం పూర్వస్థితికి రాదు. కొత్త హోల్డర్‌ను అదే చోట అమర్చి దానిని కప్పివేయడమే ఆచరణీయం, ఆ స్థలం ఎయిర్‌బ్యాగ్ మూత కానట్లయితే. ఎయిర్‌బ్యాగ్ మూతపై పగులు కనిపిస్తే దానికి టేపు వేయక అధీకృత సర్వీస్ కేంద్రంలో చూపించాలి.

ఫోన్‌కూ ఎండ దెబ్బే

డ్యాష్‌బోర్డుపై నేరుగా ఎండ తగిలే ఫోన్ తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, కొన్నిసార్లు ఫోన్ తనంతట తాను ఆగిపోతుంది. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడాలని, 45 డిగ్రీలు మించిన చోట నిల్వ ఉంచరాదని తయారీ సంస్థ యాపిల్ సూచిస్తోంది. ఎండలో నిలిపిన కారులో ఫోన్‌ను హోల్డర్‌లో వదిలి వెళ్లరాదు. ప్రయాణంలో దారి స్పష్టంగా ఉన్నంతసేపు తెరను ఆపి, మాట వినడం మేలు.

అడవి మార్గాల్లో సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహాల నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం ఫోన్‌కు అందుతూనే ఉంటుంది. కరవయ్యేది మ్యాప్ చిత్రమే. కనుక ములుగు లేదా బీజాపూర్ వద్ద సిగ్నల్ బాగున్నప్పుడే ఆ ప్రాంతపు మ్యాప్‌ను ఫోన్‌లో దించుకుంటే, దారి మధ్యలో హోల్డర్‌లోని ఫోన్‌ను తీసి సిగ్నల్ కోసం వెతకాల్సిన అవసరం ఉండదు. నడిపే చేయి ఫోన్‌ను తాకే సందర్భాలు తగ్గితే ప్రమాదం తగ్గుతుంది, హోల్డర్‌పై పడే లాగుడూ తగ్గుతుంది.

స్థూలంగా చెప్పాలంటే మెత్తని డ్యాష్‌బోర్డు ఉన్న కారుకు ముందు అద్దం దిగువ మూలలో సక్షన్ కప్పు, గట్టి ప్లాస్టిక్ అయితే చదునైన చోట పొట్టి చేయి గల టేపు హోల్డర్, సీడీ సందు ఉన్న పాత కారుకు ఆ సందులో బిగించే రకం అనువైనవి. ఏది ఎంచుకున్నా ఎయిర్‌బ్యాగ్ స్థలాన్ని, రోడ్డుపై చూపును వదిలి ఉంచడం మొదటి నియమం. నెలకోసారి బిగువును చేతితో కదిపి చూడటం, వేసవి రాకముందే టేపు అంచులను పరిశీలించడం, కారును అమ్మే లేదా అప్పగించే ముందు హోల్డర్‌ను ఓపికగా తొలగించడం వాహన యజమానులు పాటించాల్సిన మిగతా జాగ్రత్తలు.